సర్కారు సంతకం ఎక్కడ?

గత నెలలో మా చెల్లెలు, బావగారు, వాళ్ల అబ్బాయి కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వచ్చారు. ఊరు చూడటానికి కాదు, ఒక సంగతి తేల్చుకోవడానికి. పిల్లవాడు వరంగల్ నిట్‌లో మొదటి సెమిస్టరు చదువుతున్నాడు. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాశాడు. రాత పరీక్ష నెగ్గాడు, అయిదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటాడు, వైద్య పరీక్షల్లోనూ నిలిచాడు. తుది జాబితాలో పేరు వచ్చింది. కొత్త సంవత్సరంలో మొదలయ్యే కోర్సుకు పుణే దగ్గరి ఖడక్‌వాస్లాలో చేరాలి. చేరితే నిట్ సీటు వదులుకోవాల్సిందే.

నేను సైన్యంలో మూడు దశాబ్దాలు పనిచేసి రిటైరయ్యాను. నోయిడా సెక్టార్ 29లో మా అరుణ్ విహార్ అంతా మాజీ సైనికుల కాలనీ. సాయంత్రం పార్కులో ఏ బెంచీ మీద కూర్చున్నా పక్కనున్నది కల్నలో, బ్రిగేడియరో అయి ఉంటారు. ఇలాంటి చోట ‘పంపాలా, వద్దా’ అని అడిగితే జవాబు ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ‘ఇందులో అడగాల్సిందేముంది, పంపండి’ అన్నారు అందరూ. నేనూ ఆ మాటే అనబోయాను. ఆలోగా బావగారు ప్లాస్టిక్ కవర్‌లోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టారు.

వాటి సంగతికి వచ్చే ముందు, ఈ అవకాశం విలువేమిటో చెప్పాలి. ఎన్‌డీఏలో మూడేళ్ల చదువు, వసతి, భోజనం, పుస్తకాలు, యూనిఫాం, వైద్యం ఖర్చంతా ప్రభుత్వానిదే. తల్లిదండ్రులు భరించాల్సింది చేతి ఖర్చులు మాత్రమే. అదీ కష్టమైన తక్కువ ఆదాయ కుటుంబాలకు ప్రభుత్వం నెలనెలా కొంత సాయం చేస్తుంది. చివర్లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పట్టా వస్తుంది. ఆ తరవాత ఎంచుకున్న దళాన్ని బట్టి డెహ్రాడూన్, ఎళిమల లేదా మన హైదరాబాద్ శివార్లలోని దుండిగల్‌లో తుది శిక్షణ. డెహ్రాడూన్‌లో శిక్షణ పొందే క్యాడెట్‌కు నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. నిట్‌లో ఏడాదికి ట్యూషన్ ఫీజే లక్షా పాతిక వేలు. మధ్యతరగతి ఇంటికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఉద్యోగపరంగా చూసినా ఇది పర్మినెంట్ కమిషన్. లెఫ్టినెంట్‌గా చేరినవారు రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కల్నల్ అవుతారు. ఇరవై ఏళ్లు పూర్తిచేస్తే పింఛను. అయితే కల్నల్ హోదా దగ్గర నుంచి దారి ఇరుకు. అక్కడ ఎంపిక బోర్డు వడపోత మొదలవుతుంది. బాగా పనిచేసినవారిలోనూ చాలామంది ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు. నలభై ఏళ్లు దాటే సరికి, సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన ఇంటర్ స్నేహితుడి ఇల్లూ తన క్వార్టరూ పక్కపక్కన పెట్టి చూసుకోక తప్పని రోజొకటి వస్తుంది. ఇవి కూడా మా అబ్బాయికి దాచకుండా చెప్పాను.

ఇక ఆ కాగితాలు. ఒకటి బాండు. తన చేతిలో ఉన్న కారణంతో పిల్లవాడు మధ్యలో మానేసినా, ఇస్తామన్న కమిషన్ వద్దన్నా, అప్పటిదాకా అయిన శిక్షణ ఖర్చును తల్లిదండ్రులు తిరిగి కట్టాలి. ఇందులో నాకు పెద్ద అభ్యంతరం లేదు, అది ప్రజల సొమ్ము. రెండోది ఒక ధ్రువపత్రం. శిక్షణలో గానీ, శిక్షణ ఫలితంగా గానీ పిల్లవాడికి గాయమైతే, ఆ గాయానికి చేసే శస్త్రచికిత్సలోనో, మత్తుమందు వల్లనో అంగవైకల్యం కలిగినా, ప్రాణం పోయినా, ప్రభుత్వం నుంచి ఎలాంటి పరిహారం కోరే హక్కు తమకు లేదని తమకు పూర్తిగా తెలుసునంటూ తల్లిదండ్రులు రాసివ్వాలి.

చెల్లెలు దాన్ని రెండుసార్లు చదివించుకుంది. తరవాత అడిగింది: ‘‘అన్నా, ఈడ మేమిద్దరం సంతకం పెడుతున్నం. మరి సర్కారు సంతకం ఏ పేజీల ఉంది?’’

నా దగ్గర జవాబు లేదు. నా కోసం మా నాన్న కూడా ఇలాంటి కాగితం మీదే సంతకం చేసి ఉంటారు. ఆయన దాన్ని చదివారో లేదో నాకు తెలియదు. నేనైతే చదవలేదు. పద్దెనిమిదేళ్ల వయసులో అలాంటివి ఎవరూ చదవరు.

ఆమె ప్రశ్న వింటుంటే నాకు నా బ్యాచ్‌మేట్ ఒకడు గుర్తొచ్చాడు. అకాడమీ పేరు, అతని పేరు ఇక్కడ అనవసరం. శిక్షణలో బాక్సింగ్ రింగులో తలకు దెబ్బ తగిలింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాక, సైన్యానికి పనికిరాడని ఇంటికి పంపించారు. మేమంతా భుజాన నక్షత్రాలు పెట్టుకున్న రోజున అతను చక్రాల కుర్చీలో, తల్లి చేతి ముద్ద తింటున్నాడు. ఇప్పటికీ ఏటా మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకుని అతని ఇంటికి పంపుతాం. దేశం చేయాల్సిన పనిని స్నేహితులు చందాలతో నెట్టుకొస్తున్నాం.

అతనొక్కడే అయితే దురదృష్టమని సరిపెట్టుకోవచ్చు. 1985 నుంచి ఇప్పటివరకు సుమారు 500 మంది ఆఫీసర్ క్యాడెట్లు శిక్షణలో వచ్చిన వైకల్యం కారణంగా సైనిక అకాడమీల నుంచి వెనక్కి వెళ్లారని 2025 ఆగస్టులో పత్రికలు బయటపెట్టాయి. చిక్కంతా ఒక నిర్వచనంలో ఉంది. జవానుగా చేరినవాడు శిక్షణలో గాయపడి వెనుదిరిగితే అతనికి మాజీ సైనికుడి హోదా ఉంటుంది, దానితో వచ్చే సదుపాయాలూ ఉంటాయి. అధికారి కావడానికి వచ్చినవాడికి మాత్రం కమిషన్ పొందేదాకా సర్వీసు మొదలైనట్టే కాదు. కాబట్టి పాసింగ్ అవుట్ పరేడ్‌కు వారం ముందు వెన్ను విరిగినా అతను మాజీ సైనికుడు కాడు. అతనికి అందేది పింఛను కాదు, ఎక్స్‌గ్రేషియా. వైకల్యం తీవ్రతను బట్టి ఇచ్చే ఆ మొత్తం గరిష్ఠంగా నెలకు 40 వేల రూపాయల వరకు. మంచానికే పరిమితమైన యువకుడికి మందులు, ఫిజియోథెరపీ, రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం లెక్కవేస్తే అది ఏ మూలకూ చాలదు.

పత్రికా కథనాలను చూసి సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని సుమోటోగా చేపట్టింది. క్యాడెట్లకు బీమా రక్షణ, ఎక్స్‌గ్రేషియా పెంపు, పునరావాసం గురించి ఆలోచించాలని జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆర్.మహదేవన్‌ల ధర్మాసనం కేంద్రానికి సూచించింది. అదే నెల చివర్లో రక్షణ శాఖ ఈ క్యాడెట్లకు మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్‌లో సభ్యత్వం మంజూరు చేసింది. ఇది నిజమైన ఊరట, ఒప్పుకోవాలి. కానీ దశాబ్దాలుగా ఈ కుటుంబాలు తిరగని కార్యాలయం లేదు. ఇన్నేళ్లు కదలని ఫైలు న్యాయస్థానం అడిగాక రోజుల్లో కదిలింది. ఆర్థిక భారం వల్లనే ఇంతకాలం ఆగిందనడం ఇక నమ్మశక్యం కాదు. నలభై ఏళ్లలో 500 మంది అంటే ఏడాదికి సగటున పన్నెండు, పదమూడు మంది. మన రక్షణ బడ్జెట్‌లో ఆ ఖర్చు ఎంత?

ఇతర దేశాల్లో ఏం చేస్తున్నారో చూద్దాం. అమెరికాలో వెస్ట్ పాయింట్ క్యాడెట్‌ను చట్టం సైన్యంలో భాగంగానే చూస్తుంది. రెండేళ్లు చదివాక కూడా ‘ఇది నా దారి కాదు’ అనుకుంటే, మూడో ఏడాది మొదలయ్యేలోగా బాకీ లేకుండా బయటికి రావచ్చు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతూ నాలుగేళ్ల ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ తీసుకున్నవారికి మొదటి ఏడాది అలాంటి వెసులుబాటే ఉంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయాన్ని ఒకసారి సరిచూసుకునే అవకాశం ఇవ్వాలన్నది అందులోని ఆలోచన. మన ఎన్‌డీఏకు పదహారున్నర ఏళ్లకే అర్హత ఉంది. మన పిల్లలకు ఆ అవకాశం మరింత అవసరం.

ఇది సైన్యం మీద ఫిర్యాదు కాదు. శిక్షణ కఠినంగా ఉండాల్సిందే. అకాడమీలో చెమట ఓడిస్తేనే సరిహద్దులో రక్తం మిగులుతుందని నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ని. ముప్పు ఎక్కువగా ఉన్న పని అని తెలిసే దేశం ఈ పిల్లలను పిలుస్తోంది. అధికారుల కొరత వేలల్లో ఉందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకూ తెరుచుకున్నాయి. 2025 మే నెలలో తొలి బ్యాచ్‌గా 17 మంది శిక్షణ పూర్తిచేశారు. పంపడానికి ఇళ్లు సిద్ధపడుతున్న కాలమిది. ఆ ఇళ్లముందు పెట్టే కాగితం కూడా అంతే నిజాయితీగా ఉండాలి.

అందుకు చేయాల్సినవి మూడు. మొదటిది, అకాడమీలో చేరిన తొలి రోజు నుంచి క్యాడెట్‌ను సర్వీసులో ఉన్నట్టుగా పరిగణించి, శిక్షణ వల్ల వచ్చిన వైకల్యానికి ఎక్స్‌గ్రేషియా బదులు పింఛను హక్కు ఇవ్వాలి. రెండోది, చదువు మధ్యలో ఆగిన క్యాడెట్‌కు కేంద్ర విద్యాసంస్థల్లో అదనపు సీటు కేటాయించాలి. చదవగలిగినవాడు ఇంటర్ సర్టిఫికెట్‌తో ఇంట్లో కూర్చునే పరిస్థితి ఉండకూడదు. మూడోది, ఆ ధ్రువపత్రంలోని ‘హక్కు లేదు’ అన్న వాక్యాన్ని తొలగించి, గాయమైతే ప్రభుత్వం ఏమేం చేస్తుందో అదే పేజీలో రాసి, సంబంధిత అధికారి సంతకం చేయాలి.

వెళ్లే ముందురోజు పిల్లవాణ్ని ఇండియా గేట్ దగ్గరి జాతీయ యుద్ధ స్మారకానికి తీసుకెళ్లాను. గ్రానైట్ ఇటుకల మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి. వాడు వెతికింది ఒక్క పేరు కోసమే. సూర్యాపేటలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ నుంచి సైన్యంలోకి వెళ్లి, 2020 జూన్ 15న గల్వాన్‌లో 16 బిహార్ రెజిమెంటుకు నాయకత్వం వహిస్తూ నేలకొరిగిన కల్నల్ సంతోష్ బాబు పేరు. దాని ముందు కాసేపు నిలబడి, తిరిగొచ్చేటప్పుడు అడిగాడు: ‘‘మామా, మీ బాక్సింగ్ దోస్తు పేరు ఈడ ఉండదు కదా?’’ ఉండదన్నాను. ‘‘తెలిసే పోతున్న’’ అన్నాడు.

నా సలహా కూడా అదే. ఫీజు లేని కాలేజీ అన్న ఒక్క కారణంతో వెళ్లాలనుకునే పిల్లలు మొహమాటం లేకుండా వద్దనుకోవడం మంచిది. ఏ తెల్లవారుజామునో, ఒళ్లు హూనమైన వేళ ఆ కారణం నిలబెట్టదు. తండ్రి కోరికను మోయడానికి వెళ్లేవారూ ఆగి ఆలోచించాలి. ఆపితే తప్ప ఆగలేనివాణ్ని మాత్రం ఆపకండి. కానీ పంపేవాళ్లు ప్రతి కాగితాన్నీ చదవాలి. అర్థం కాకపోతే పక్కన కూర్చుని చదివి చెప్పేవాళ్లను వెతుక్కోవాలి.

చెల్లెలు మా భోజనాల బల్ల మీదే రెండు కాగితాల మీద సంతకం చేసింది. ఈ నెల తిరిగేలోగా దేశమంతటా వందల ఇళ్లలో తల్లులు, తండ్రులు ఇదే పని చేస్తారు. ఈ కోర్సుకు ఎలాగూ ఆలస్యమైంది. వచ్చే కోర్సుకు కాగితాలు అచ్చువేసే ముందైనా రక్షణ శాఖ ఆ వాక్యం మార్చాలి.