ఎవరు చెప్పారని అడగలేదు

తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీకి ఊరి పేరు వెనక కథ ఎక్కించింది నేనే. ఒక రాజు వేటకొచ్చి ఇక్కడ విడిది చేశాడని మా తాతయ్య చెప్పేవాడు. మూలం పెట్టలేదు. పెట్టమని అడిగినవాళ్లూ లేరు. కొన్నాళ్లకు ఒక పత్రిక జిల్లా అనుబంధంలో అదే కథ వచ్చింది, ఇంచుమించు నా వాక్యాలతోనే. సంబరపడిపోయి ఆ పత్రిక లంకెనే మూలంగా తగిలించాను. అరుగు మీది ముచ్చట అలా చరిత్రైపోయింది. సాక్షినీ నేనే, తీర్పరినీ నేనే.

తప్పు నా ఒక్కడిదే అయితే లెంపలేసుకుని ఊరుకునేవాణ్ణి. 2003 డిసెంబరులో మొదలైన తెవికీలో తలా ఒక చెయ్యి వేసిన మాలో చాలామంది ఇదే పని చేశాం. నటుడి పేజీకి అభిమానుల వెబ్‌సైటు, సినిమా వసూళ్లకు నిర్మాత వేయించిన పోస్టరు, రచయిత గొప్పతనానికి ఆయన పుస్తకం వెనక అట్ట. మాకు ఇవే మూలాలు. ఏమీ దొరక్కపోతే ‘ఆధారం చూపాలి’ అన్న మూస తగిలించి చేతులు దులుపుకున్నాం. పండగ వెళ్లాక గుమ్మానికి ఎండిపోయిన తోరణంలా అది ఏళ్ల తరబడి అక్కడే వేలాడుతోంది. ఎవరైనా ఆ వాక్యాన్ని తీసేస్తే మాత్రం తెవికీ చర్చావేదికైన రచ్చబండకెక్కి, “అందరికీ తెలిసిందే కదా!” అని దెబ్బలాడాం. వ్యాసాల లెక్క ఎంతకు చేరిందో రోజూ చూసుకున్నాం. వాటిలో ఎన్ని నిలబడతాయో లెక్కపెట్టలేదు.

తెలుగులో మూలాలు దొరకవండీ అనేది మా పాత పాట. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. పాత పత్రికలు అక్కడ బైండు కట్టి ఉన్నాయి. మేం వెతికినదల్లా ఇంట్లో కుర్చీ దిగకుండా దొరికే లంకె కోసం.

ఎవరు చెప్పారో రాసిపెట్టడం మనకు కొత్తేమీ కాదు. ఊళ్ల చరిత్రలు సేకరించి 1821లో కన్నుమూసిన కల్నల్ మెకంజీ కోసం ఆయన మనుషులు ఊరూరా తిరిగి ఆ చరిత్రలను కైఫీయతులుగా రాయించారు. వాటిలో పుక్కిటి పురాణాలకు కొదవలేదు. అయినా ఇది కరణాలు చెప్పింది, ఇది కవిలెలో ఉన్నది, ఇది శాసనం మాట అని చాలాచోట్ల తెలుస్తూనే ఉంటుంది. ఎంత నమ్మాలో చదివేవాడు తేల్చుకుంటాడు. మేం చేసిన అసలు ద్రోహం అక్కడుంది. తాతయ్య కథ అబద్ధమో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ ‘తాతయ్య చెప్పాడు’ అన్న రెండు ముక్కలూ చెరిపేసి, చదివేవాడికి అనుమానించే వీలు లేకుండా చేశాను.

మొన్న మనసు ఉండబట్టలేక ఆ వాక్యాన్ని తీసేశాను. మర్నాటికల్లా ఎవరో కుర్రాడు దాన్ని తిరిగి చేర్చాడు, ఆ పత్రిక లంకెతో సహా. పైగా చర్చ పేజీలో నాకు మర్యాదగా బుద్ధి చెప్పాడు: “మూలం ఉన్న సమాచారాన్ని ఇలా తీసేయకూడదండీ.”

కొత్తగా వచ్చినవాళ్లకు ఆ మాట నేర్పింది మేమే.