జీతం వదిలే స్వేచ్ఛ ఎవరికి?

పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో ఉద్యోగం, కుటుంబం, సేవ మూడు వేర్వేరు ముచ్చట్లు. నిజానికి ఆ మూడింటి లెక్కా ఒక్కటే

బిజినెస్ స్కూళ్లలో చదువుకున్నవారు పదేళ్లకో పాతికేళ్లకో కలిసినప్పుడు ముచ్చట్లు దాదాపు ఒకే వరుసలో సాగుతాయి. ముందు హోదాలు, తర్వాత పెళ్లిళ్లు, పిల్లల చదువులు, చివర్లో సమాజ సేవ. పెద్ద కొలువు వదిలేసి కొత్త బాట పట్టినవారికి చప్పట్లు కాస్త ఎక్కువే పడతాయి. ఆ బాట ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

1961లో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎం చరిత్రలో ఇలాంటి మలుపులకు కొదవలేదు. తొలి పూర్తికాలపు డైరెక్టర్ రవి మత్తాయ్ 1972లో పదవి వదులుకుని అక్కడే ప్రొఫెసర్‌గా ఉండిపోయారు. 1975 నుంచి రాజస్థాన్‌లోని జవాజా ప్రాంతంలో నేత, తోలు పనివారితో కలసి పనిచేశారు. అక్కడే చదివిన మల్లికా సారాభాయ్ బోర్డు గదులకు బదులు కూచిపూడి, భరతనాట్య వేదికలను ఎంచుకున్నారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన హర్షా భోగ్లే ప్రకటనల రంగం నుంచి క్రికెట్ వ్యాఖ్యానంలోకి వచ్చారు.

అయితే అందరి ఇంటి పరిస్థితీ ఒకటి కాదు. మల్లిక తండ్రి విక్రమ్ సారాభాయ్ ఆ సంస్థకు ప్రాణం పోసినవారిలో ఒకరు. 2006లో అక్కడి నుంచి పట్టా పుచ్చుకున్న శరత్‌బాబు తల్లి చెన్నై మురికివాడలో ఇడ్లీలు అమ్మి అయిదుగురు పిల్లల్ని పెంచారు. ఆయన పెద్ద జీతాల ఉద్యోగాలను కాదని క్యాటరింగ్ సంస్థ పెట్టారు. దాన్ని లాంఛనంగా ప్రారంభించింది ఇన్ఫోసిస్ నారాయణమూర్తి. వినడానికి సినిమా కథే. కానీ నెలనెలా జీతం కోసం ఎదురుచూసే ఇంట్లో కొడుకు ఆ మాట చెబితే సరేననడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! కొలువు మార్పు అక్కడ ఒక్కరి నిర్ణయం కాదు, ఇంటిల్లిపాదిదీ.

సేవ దారీ పూలబాట కాదు. 1981లో అక్కడ చదువు ముగించిన విజయ్ మహాజన్ 1983లో ప్రదాన్‌ను, 1996లో హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్‌ను నెలకొల్పడంలో ముఖ్యపాత్ర పోషించారు. పేదలకు అప్పు పుట్టించడమే జీవనోపాధికి మార్గమన్న ఆశ అప్పట్లో బలంగా ఉండేది. 2010 వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో సూక్ష్మ రుణాల వసూళ్ల ఒత్తిడి మీద, ఆత్మహత్యల మీద ఆరోపణలు మిన్నంటాయి. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు స్తంభించి బేసిక్స్ సహా రంగమంతా కుదేలైంది. మంచి ఉద్దేశం, మంచి పట్టా రెండూ ఉన్నా ఫలితాన్ని తేల్చేది ఊళ్లో అప్పు తీసుకున్న మనిషే. సమ్మేళన వేదికల మీద వినిపించాల్సింది ఇలాంటి అనుభవాలే.

ఇక అసలు చిక్కు ఫీజులతో. 2004లో కేంద్ర మంత్రి మురళీ మనోహర్ జోషి ఐఐఎంల వార్షిక ఫీజును సుమారు లక్షన్నర నుంచి 30,000 రూపాయలకు తగ్గించాలని ఆదేశిస్తే, స్వయంప్రతిపత్తికి ముప్పంటూ దుమారం రేగింది. ప్రభుత్వం మారాక ఆ ఆదేశం అటకెక్కింది. 2008లో అహ్మదాబాద్ ఐఐఎం రెండేళ్ల ఫీజు 11.5 లక్షలైంది. ఇటీవలి బ్యాచ్‌లకు అది 25 లక్షల పైమాటే. ఉపకార వేతనాలు ఉన్న మాట నిజమే. కానీ విద్యా రుణంతో బయటపడే మధ్యతరగతి యువకుడికి కన్సల్టింగ్, బ్యాంకు కొలువులు ఇష్టం కన్నా ఎక్కువగా వాయిదాలు కట్టే మార్గాలు. సొంత సంస్థ పెట్టే వారికి తర్వాత తిరిగొచ్చి ప్లేస్‌మెంట్‌లో పాల్గొనే వెసులుబాటు అహ్మదాబాద్‌లో కల్పించారు. కొలువుకు అది భరోసా, అప్పుకు కాదు.

పూర్వ విద్యార్థుల చేతిలో డబ్బు లేకపోలేదు. 2020లో అక్కడి పదిమంది పూర్వ విద్యార్థులు 100 కోట్ల రూపాయల హామీతో ఎండోమెంట్ నిధికి శ్రీకారం చుట్టారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూల్, లాభాపేక్ష లేని సంస్థల్లోనో ప్రభుత్వ రంగంలోనో తక్కువ జీతానికి పనిచేసే తన పట్టభద్రుల రుణ భారాన్ని పంచుకుంటోంది. రుణమాఫీ అనే మాట ఇక్కడి రైతులకూ పార్టీలకూ కొత్త కాదు. బిజినెస్ స్కూళ్లూ దాన్ని తమ పద్ధతిలో వంటబట్టించుకోవచ్చు.

సమ్మేళనం రోజున ఒక రక్తదాన శిబిరం, నాలుగు మొక్కలు నాటడం మంచివే. అంతకన్నా పెద్ద సేవ మరొకటుంది. వెనక వచ్చే బ్యాచ్‌లో జిల్లా ఆస్పత్రిలోనో రైతు సంఘంలోనో పనిచేయాలనుకునే ఒక్క విద్యార్థి నెలవారీ వాయిదాను అయిదేళ్లపాటు భుజాన వేసుకోవడం. అప్పుడు ఆ మలుపు ఖర్చు ఒక్క కుటుంబం మీదే పడదు.