నాగపూర్‌కు గూడూరు పెరటి నుంచి ఒక లేఖ

నాగపూర్‌లోని పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) చీఫ్ కంట్రోలర్ గారికి,



నేను గూడూరులో మోటార్లు వైండింగ్ చేసే షాపు నడుపుతాను. మా పెరట్లో ఒకప్పుడు గొడ్లను కట్టేసిన రేకుల కొట్టం ఉంది. దాన్ని నేనూ, పదో తరగతి చదివే మా అమ్మాయీ కలిసి మోడల్ రాకెట్లు కట్టుకునే వర్క్‌షాపుగా మార్చుకున్నాం. అందులో ఏముందో ముందే చెప్పేస్తాను. ఇంట్లో రాకెట్లు చేస్తున్నామనగానే మీ శాఖవాళ్లకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అలా గుర్తురావడం తప్పని కూడా అనను. సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు నూరి చిచ్చుబుడ్లలో మందు కూరడం మా తాతల కాలంలో వీధివీధినా జరిగిన పనే. చేతులు కాల్చుకున్నవాళ్లూ వీధివీధినా ఉండేవాళ్లు.

మా కొట్టంలో ఆ మూడూ లేవు. పాత తలుపు రెక్కతో చేసిన బల్ల ఉంది. దాని మీద కట్టర్ బ్లేడ్లు, స్టీలు స్కేలు, ఫెవికాల్, గరుకు కాగితం, వంటింట్లోంచి తెచ్చుకున్న డిజిటల్ కాటా. పీవీసీ పైపు ముక్క మీద గోధుమరంగు కాగితం చుట్టి, జిగురు పూసి ఆరబెడితే అట్టగొట్టం తయారవుతుంది. రెక్కలకు బల్సా చెక్క. చెక్క ఈనె ఎటు పోతోందో చూడకుండా కోస్తే రెక్క మొదటి ఎగురుడులోనే విరుగుతుంది. సముద్రం పక్కన ఉన్న మా ప్రాంతంలో ఇంకో తిప్పలుంది. కార్తీకమాసం ముసుర్లలో బల్సా, కాగితం రెండూ చెమ్మ పీల్చుకుని వంకరపోతాయి. అందుకని ముక్కలన్నిటికీ సీలర్ పూసి, మూత గట్టి డబ్బాలో పెడతాం. పారాచూట్‌కు పలచటి ప్లాస్టిక్ కవరు, కుట్టు దారం చాలు. రాకెట్ మొత్తంలో ఇనుము ముక్క లేదు, ఉండకూడదు కూడా. ఏదైనా తేడా వచ్చినా చిరిగేది కాగితమే.

రాకెట్ నిటారుగా పోతుందా, వెనక్కి తిరిగి మన మీదికే వస్తుందా అన్నది ఎగరేయకముందే తేలిపోతుంది. రాకెట్‌ను పైకి తోసే మోటారు స్థానంలో దానికి సరిపడా బరువు పెట్టి, అన్నీ అమర్చాక, రాకెట్ ఎక్కడ సమంగా తూగుతుందో అక్కడ తాడు కట్టి తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. తోక ముందుకొస్తే రెక్కలు పెద్దవి చేయాలి, లేదా ముక్కులో కాస్త బరువు పెట్టాలి. బరువు కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రానికి కనీసం ఒక గొట్టం వెడల్పంత ముందుండాలని నియమం. భౌతికశాస్త్రం పాఠంలో మార్కులకు మాత్రమే పనికొచ్చిన టార్క్ అనే మాట మా అమ్మాయికి అర్థమైంది ఈ తాడు తిప్పుతున్నప్పుడే.

రాకెట్‌ను దూరం నుంచి అంటించే స్విచ్ పెట్టె మాత్రం నా సొంత పనితనం, కాబట్టి కొంచెం గొప్ప చెప్పుకుంటాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ, తాళంచెవి పెడితేగాని కలవని ఒక స్విచ్, దాని తర్వాత కాలింగ్ బెల్ బటన్. వేలు తీయగానే కరెంటు తెగిపోతుంది. తాళంచెవి ఎప్పుడూ రాకెట్ దగ్గరికి వెళ్లే మనిషి జేబులోనే ఉండాలి. వైరు పొడవు ఐదు మీటర్లకు పైనే. మోటారు అంటుకోకపోతే తాళంచెవి తీసేసి, నిమిషం ఆగిగాని ఎవరూ దగ్గరికి పోకూడదు. ఇవేవీ నేను కనిపెట్టిన నియమాలు కావు. చాలావరకు అమెరికాలోని జాతీయ రాకెట్రీ సంఘం భద్రతా నియమావళిలో ఉన్నవే.

అన్నీ ఉన్నాయి, మోటారు లేదు. ఈ ఉత్తరం అందుకే.

ఈ అభిరుచి ఎలా పుట్టిందో మీ శాఖకు ప్రత్యేకంగా గుర్తుచేయాలి, ఎందుకంటే ఇది పుట్టిందే భద్రత కోసం. 1950లలో అమెరికా కుర్రాళ్లు గ్యారేజీల్లో ఇనుప గొట్టాల్లో మందు దట్టించి కాల్చుకుంటున్నారు. రాకెట్ ప్రయోగ కేంద్రంలో ఇంజనీరుగా ఉన్న హ్యారీ స్టైన్ ఆ ప్రమాదాల గురించి 1957లో ఒక పత్రికలో రాశాడు. నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అది చదివి, తాను 1954లోనే తయారుచేసిన కాగితపు రాకెట్‌ను, పారాచూట్‌తో నేలకు దిగేదాన్ని, ఆయనకు పంపాడు. మందు జోలికి పిల్లలు పోనక్కర్లేదు. ఫ్యాక్టరీలో బిగించిన చిన్న మోటారు కొనుక్కుని గొట్టంలో దూర్చుకుంటే చాలు. ఆ 1957లోనే అక్కడ జాతీయ సంఘం ఏర్పడింది. ఆ తర్వాత డెన్వర్‌లో వెర్న్ ఎస్టెస్ మోటార్లు బిగించే యంత్రం తయారుచేసి దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. కొన్ని సెకన్లకొక మోటారు! ప్రమాదకరమైన పనిని పిల్లల చేతుల్లోంచి తీసి యంత్రానికి అప్పజెప్పడమే ఈ అభిరుచి మొత్తానికీ పునాది.

ఆ మోటారు ఎంతటిదంటే, సి6-5 అని రాసి ఉన్నదాన్ని తీసుకోండి. సి అంటే మొత్తం తోపు పది న్యూటన్-సెకన్ల లోపు. అక్షరం ఒక్కటి పెరిగితే ఆ హద్దు రెట్టింపవుతుంది. ఆరు అంటే సగటున ఆరు న్యూటన్ల బలం. ఐదు అంటే మందు అయిపోయాక ఐదు సెకన్లు ఆగి పారాచూట్‌ను బయటికి నెడుతుంది. అందులో ఉండే మందు పది పన్నెండు గ్రాములు. మొత్తం బరువు 1500 గ్రాములు, మందు 125 గ్రాములు దాటని కాగితం, చెక్క, ప్లాస్టిక్ రాకెట్‌కు అమెరికా విమానయాన శాఖ ముందస్తు అనుమతి అడగదు. అక్కడా తగవులు లేకపోలేదు. పెద్ద రాకెట్లలో వాడే మిశ్రమ ఇంధనాన్ని పేలుడు పదార్థాల జాబితాలో పెట్టారని అభిరుచి సంఘాలు 2000లో కోర్టుకెక్కి 2009లో గెలిచాయి. నాకు తొమ్మిదేళ్లు కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేదు సార్, షాపు తెరుచుకోవాలి.

మన దగ్గర 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం నేరం. అది నేరంగానే ఉండాలి. క్లోరేటుతో గంధకం కలపడాన్ని 1992లో నిషేధించడం వల్ల ఎన్ని చేతులు మిగిలాయో మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కానీ దీపావళి వస్తే అదే చట్టం కింద మైదానంలో రేకుల దుకాణాలు లేస్తాయి. తారాజువ్వ కొని, ఖాళీ సీసాలో నిలబెట్టి, అగరుబత్తితో అంటించి పరిగెత్తుతాం. అది ఎవరి గడ్డివాము మీద పడుతుందో కాల్చినవాడికీ తెలియదు. దానికి పారాచూట్ లేదు, ఐదు మీటర్ల వైరు లేదు, తాళంచెవి అసలే లేదు. దాన్ని ఆపమని నేననడం లేదు. తారాజువ్వకు ఉన్నపాటి దారి దానికంటే జాగ్రత్తగా ఎగిరేదానికి కూడా ఉండాలంటున్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఈ సంగతి అడిగితే, ఎంతో మర్యాదగానే, బాణసంచా దుకాణం దరఖాస్తు చేతిలో పెట్టారు. నేను అమ్మేవాణ్ణి కాదు, కొనేవాణ్ణి అని చెబితే కొనడానికి ఫారం లేదన్నారు.

ఈలోగా పిల్లలు ఊరుకోవడం లేదు. సూరేకారంలో పంచదార కలిపి వేడిచేసే వీడియోలు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. మా అమ్మాయి స్నేహితుడొకడు వాటిలో ఒకటి చూపించి "అంకుల్, ఇది ఈజీ కదా" అన్నాడు. వాణ్ణి కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి సైకిల్ పంపుతో గాలి కొట్టి ఎగరేసే రాకెట్ చేయించాను. ఒళ్లంతా తడుపుకుని సంతోషంగానే పోయాడు. వచ్చేవారం మళ్లీ అదే వీడియో తెస్తాడు. నీళ్ల రాకెట్ మంచిదే, కానీ దగ్గర్లోని అంతరిక్ష ప్రయోగ కేంద్రం షార్‌లో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేచినప్పుడల్లా డాబా ఎక్కి చూసే ఊరి పిల్లలకు అది ఎన్నాళ్లు సరిపోతుంది? 2022 నవంబర్ 18న హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ కంపెనీ తన విక్రమ్-ఎస్ రాకెట్‌ను పంపిందీ షార్ నుంచే. ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ విద్యార్థులకు మోడల్ రాకెట్ పోటీలు పెడుతోంది. జట్టు, కాలేజీ, గైడు ఉన్నవాళ్లకు అది బాగుంది. పెరటి కొట్టంలో తండ్రీకూతుళ్లకు ఏ తలుపు తట్టాలో తెలియదు.

కాబట్టి అడుగుతున్నాను. ఫ్యాక్టరీలో బిగించిన, కాగితం గొట్టంలోని చిన్న మోటార్లకు, సి తరగతి వరకైనా సరే, విడిగా ఒక వర్గం పెట్టండి. లైసెన్సున్న దుకాణంలో, ఆధార్ చూపించిన పెద్దవాళ్లకే, లెక్క రాసుకుని అమ్మనివ్వండి. ఇంట్లో ఎన్ని ఉంచుకోవచ్చో మీరే చెప్పండి, మూడంటే మూడే. పేలుడు పదార్థాలు పోస్టులో రావు కాబట్టి జిల్లాకొక దుకాణమైనా ఉండాలి. ఎవరిని అడగాలి, ఎక్కడ ఎగరేయాలి, ఏది చేస్తే జైలు అన్నది ఒక్క పేజీలో తెలుగులో రాసి మండల కార్యాలయాల్లో అంటించండి.

స్థలం సంగతి మేము చూసుకోగలం. నిమ్మతోటల పక్కన ఎగరేస్తే పారాచూట్ ముళ్లలో చిక్కుతుంది, కోతలైన పొలంలో ఎండుగడ్డి అంటుకుంటుంది. అందుకని ఎండిన చెరువు గర్భమే నయం, అదీ సముద్రపు గాలి లేవకముందు, పొద్దున్నే. గ్రామ పంచాయతీని అడగడానికి మీ కాగితం ఒక్కటి చేతిలో ఉంటే చాలు. షార్‌లో ప్రయోగం ఉన్న రోజు మేము ఎగరేయం. పెద్దవాళ్ల దారికి అడ్డం రాము.

మా అమ్మాయి పరీక్షలు అయ్యేసరికి చెరువు కూడా ఎండుతుంది. కుదరదు అనే జవాబైనా ఆలోగా పంపండి. ఎందుకు కుదరదో రాస్తే, ఆ కాగితం పట్టుకుని ఆ స్నేహితుడి ఇంటికి ముందు వెళ్తాను.

ఇట్లు,
గూడూరు నుంచి,
ఒక వైండింగ్ షాపు యజమాని