పొగ వయసు కూడా కొలవాలి

సూరత్ నగరం నుంచి హజీరా తీరానికి వెళ్లే దారిలో ఉంటుంది ఇచ్ఛాపూర్. సమీపంలోని కవాస్‌లో సహజవాయువుతో నడిచే విద్యుత్ కేంద్రం, ఇంకా ముందుకు వెళితే హజీరాలో ఎరువులు, ఉక్కు, పెట్రో రసాయనాల కర్మాగారాలు. తెలుగు నేత కుటుంబాలు ఎన్నో స్థిరపడిన సూరత్‌లో అద్దకం మిల్లుల బాయిలర్లు సరేసరి. ఇవన్నీ వదిలే కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కానీ వయసు ఉంది. ఆ వయసును కొలవడం మన కాలుష్య పర్యవేక్షణలో భాగం కావాలి.

కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లు గాలిలోని నత్రజనిని ఢీకొన్నప్పుడు కార్బన్-14 తయారవుతుంది. గాలిలో సుమారు లక్ష కోట్ల కార్బన్ పరమాణువులకు ఒకటి చొప్పున ఉంటుంది. మొక్కలు దాన్ని గాలి నుంచి తీసుకుంటాయి. మొక్క చనిపోయాక కొత్తది చేరదు. ఉన్నదాంట్లో ప్రతి 5,730 ఏళ్లకు సగం బీటా కణాలను వదిలి మళ్లీ నత్రజనిగా మారిపోతుంది. ఈ లెక్కతోనే విల్లార్డ్ లిబ్బీ పురావస్తువుల వయసు తేల్చి, 1960లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

సుమారు 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. బొగ్గు, సహజవాయువులు కోట్ల ఏళ్ల నాటివి కాబట్టి వాటి పొగలో కార్బన్-14 ఉండదు. ఒక ప్రాంతపు గాలిలోని ప్రతి 100 కార్బన్ డయాక్సైడ్ అణువుల్లో ఒకటి కొత్తగా చేరిన శిలాజ ఇంధనానిదైతే, అక్కడ కార్బన్-14 వాటా ఒక శాతం తగ్గుతుంది. చెట్టు ఆకులు ఆ తేడాను నమోదు చేసుకుంటాయి.

నేడు ఉద్గారాల లెక్క ఎక్కువగా కాల్చిన ఇంధనం పరిమాణం నుంచి కట్టేదే. భారత్ 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. తగ్గించిన పొగకు డబ్బు విలువ వచ్చాక, కాగితం మీది అంకెలను సరిచూసే సాధనం తప్పనిసరి. బొగ్గులో పంట వ్యర్థాలు కలిపి కాలుస్తున్నామని ఒక మిల్లు చెబితే, ఆ మాట ఎంత నిజమో చిమ్నీ నుంచి తీసిన నమూనాయే చెప్పగలదు.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ఏ కర్మాగారం ఎంత వదిలిందో గాలి నమూనా విడదీసి చెప్పలేదు. తాపీ నదికి ఎగువన ఉన్న కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రంలోనివి భారజల రియాక్టర్లు. భారజలంలోని ఆక్సిజన్-17 నుంచి వాటిలో కొద్దిగా కార్బన్-14 పుడుతుంది. అది బయటికి వస్తే శిలాజ పొగ జాడను కొంత కప్పేయవచ్చు. అందుకే నమూనాలు తీసే చోటును, గాలి దిశను చూసి ఎంచుకోవాలి. పోల్చడానికి శుభ్రమైన గాలి ఉన్న చోటు నుంచి కూడా ఆకులు సేకరించాలి.

మిల్లీగ్రాము కార్బన్‌తో ఈ కొలత తీసే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్లు మన దగ్గర ఉన్నాయి. గుజరాత్‌లోనే, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో ఒకటి ఉంది. హరప్పా కాలపు బొగ్గు ముక్కకు వయసు చెప్పగల పరికరం, ఇచ్ఛాపూర్ వేపాకును కూడా చదవగలదు. ఏటా ఆ ఆకులు సేకరించి, ఫలితాలను ప్రజల ముందు పెట్టే బాధ్యత కాలుష్య నియంత్రణ మండళ్లు తీసుకోవాలి.