పుక్కట్ల తిరుగుతున్నదెవరు?

మన ఆడోళ్లు బస్సెక్కితే కొందరి కడుపు మండుతోంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన కాడి నుంచి తాండూరు హోటళ్లలో, వికారాబాద్ ఆఫీసుల్లో ఒకటే మాట: "ఫ్రీ బస్సులిచ్చి ఖజానా ఖాళీ చేస్తున్నరు." కందిచేనుకు కూలికి పోయే తల్లి, నాపరాళ్ల పాలిషింగు కాడ పనిచేసే అక్క, కాలేజీకి పోయే బిడ్డ - వీళ్లంతా పుక్కట్ల తిరిగేటోళ్లట! మరి ఈ మాట అనేవాళ్లు ఎట్ల తిరుగుతున్నరు? మనిషికొక కారేసుకుని. సరే, లెక్క తీద్దాం.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. లీటరు డీజిలుకు 2.7 కిలోలు. తాండూరు నుంచి వికారాబాద్ 40 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారులో ఒక్కడే పోతే ఆరు కిలోలు. లీటరుకు 50 నడిచే మోటారు సైకిల్ మీద ఇద్దరు పోతే మనిషికి కిలో లోపే. లీటరుకు 5 నడిచే బస్సులో 50 మంది పోతే మనిషికి అరకిలో కూడా లేదు.

ఈ పొగకు ఖరీదుంది. ఎండలు ముదరడం, వానలు అదను తప్పడం, పంట పోవడం, కూలి పోవడం - ఇవన్నీ కలిపి 2023లో అమెరికా పర్యావరణ సంస్థ టన్నుకు 190 డాలర్ల నష్టమని కట్టింది. అంటే కిలోకు దాదాపు 16 రూపాయలు. కారులో ఒంటరిగా పోయేవాడు లోకానికి పెట్టే బాకీ వంద రూపాయల దాకా. బస్సులో అక్క వాటా ఏడు రూపాయలు! "పెట్రోలు పన్ను కడుతున్నం కదా" అంటారు. బస్సు డీజిలుకూ పన్నుంది. ఎండదెబ్బకు పని పోయిన కూలీ చేతికి ఆ పన్నులోంచి ఎంతొస్తోంది?

నాపరాయి, సిమెంటు లారీల పొగ డ్రైవరుదీ కాదు, హమాలీదీ కాదు. ఆ బండలు ఎవరి బంగళాలో పరుస్తారో, ఆ సిమెంటుతో ఎవరి మేడ లేస్తుందో, బాకీ వాళ్లది. దుమ్ము మాత్రం మన వాడల పాలు.

ప్రాణాలకు ధర కట్టడంలోనూ మెట్లున్నయి. 1995లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నివేదిక కోసం లెక్కలేసిన ఆర్థికవేత్తలు సంపన్న దేశపు ఒక్క ప్రాణాన్ని పదిహేను పేద ప్రాణాలతో సమానం చేశారు. పేద దేశాలు ఎదురు తిరిగాయి. మనకిది కొత్తా? మనువు నేర్పిన లెక్కే కదా! ఓటుకు ఒకే విలువ వచ్చినా సామాజిక, ఆర్థిక జీవితంలో మనిషికి ఒకే విలువ రాలేదని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇందుకే.

మేము అడిగేది దానం కాదు. ప్రతి వాడ దాకా బస్సు రావాలి. ఒంటరి కార్ల మీద పన్నేసి ఆ పైసలు బస్సులకు పెట్టాలి. లారీలకు టార్పాలిన్ కప్పాలి.

అక్కలారా, రేపు ఎవడన్నా ఫ్రీ బస్సని నవ్వితే తల దించకండి. "అయ్యా, బాకీ ఉన్నది నువ్వు. ఎప్పుడు కడతవ్?" అని అడగండి.

జై భీమ్!