చుక్కలు చూడవలెనన్న

మన బాలురు చుక్కలను గుఱించి పుస్తకములలో చదివి పరీక్షలలో వ్రాయుచున్నారు. కన్నులార చూచువారు మాత్రము మిక్కిలి యరుదు.

గత జనవరి అమావాస్యనాడు కొందఱు విద్యార్థులను పట్టణమునకు దూరముగా నున్న యొక పల్లెకు తోడుకొనిపోయితిని. దీపము లార్పి పొలముగట్టున కూర్చుంటిమి. కన్ను చీకటికి అలవడుటకు ఇంచుమించు 30 నిమిషములు పట్టును. ఆ యూరి ముదుసలి యొకతె కృత్తికలను చూపి "అదిగో పిల్లలకోడి" యనగా మావారు ఆరు చుక్కలు లెక్కించిరి. అంతట పాలపుంత కానవచ్చెను. ఒక బాలుడు "అయ్యా, మబ్బు పట్టుచున్నది, పోవుదమా?" యని యడిగెను. పదునాలుగేండ్లవాడు దాని నెన్నడును చూచి యుండలేదు! తప్పు వానిది కాదు, మన దీపములది.

వీథిదీపములు వలదని నేననను. వెలుగు నేలకు కావలెను గాని మింటికేల? లడాఖులోని హాన్లేయందు, సుమారు 4,500 మీటర్ల యెత్తున నున్న నక్షత్రశాల చుట్టును, 2022లో చీకటి యాకసమును కాపాడుటకై రక్షితప్రాంతము నేర్పఱచిరి. అచ్చటివారు దీపములకు మూతలును, కిటికీలకు దట్టపు తెరలును అమర్చుకొనిరి. వచ్చినవారికి దూరదర్శినులతో చుక్కలు చూపి కొంత జీవనమును గడించుకొనుచున్నారు.

చెడిన నీరు బాగుపడుటకు ఏండ్లు పట్టును. మింటికిపోవు వెలుగు నాపినచో ఆకసము ఆ రాత్రియే తిరిగి వచ్చును. కావున తలిదండ్రులారా, ఏటికొక్క అమావాస్యయైనను బిడ్డలను పల్లెకు గొనిపొండు. మన పాఠశాల దీపములకు మేము మూతలు వేయుదుము; మీ వాకిటి దీపమునకు మీరు వేయుడు.