ఒక్క రూపాయి పెరిగినా ఈఎస్ఐ కట్? మున్సిపల్ కార్మికులు తెలుసుకోవాల్సిన అసలు లెక్క ఇదే

జీతం పెరగాలని కోరుకోని ఉద్యోగి ఉండడు. కానీ ఏపీలో మున్సిపల్ పారిశుధ్య కార్మికుల విషయంలో మాత్రం ఓ మెలిక ఉంది. జీతం ఇంకో రూపాయి పెరిగితే ఆస్పత్రి కార్డు చేజారే పరిస్థితి.

2023 డిసెంబర్ 26న మొదలైన సమ్మె గుర్తుంది కదా. సంక్రాంతి ముందు వీధుల్లో చెత్త కుప్పలు పేరుకుపోయాయి. సమాన పనికి సమాన వేతనం, రెగ్యులరైజేషన్ అంటూ కార్మికులు రోడ్డెక్కారు. ఆ సమ్మె మొత్తం తిరిగింది ఒక అంకె చుట్టూనే. 15 వేల వేతనం, 6 వేల ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్సు. కలిపితే 21 వేలు.

ఈఎస్ఐ వేతన పరిమితి కూడా సరిగ్గా అంతే. నెలకు 21 వేలు. దివ్యాంగులకైతే 25 వేలు. 2017 జనవరి 1 నుంచి ఇదే లెక్క నడుస్తోంది. 21 వేల దాకా ఉంటే లోపల, దాటితే బయట. అంటే చీపురు పట్టే కార్మికుడు గీత మీద నిలబడి ఉన్నాడన్నమాట. కనీస వేతనం 26 వేలు చేయాలని కార్మిక సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ డిమాండ్ నెరవేరిన రోజున, పరిమితి కూడా పెంచకపోతే, ఈఎస్ఐ ఉండదు.

పోతే పోయింది, ఆరోగ్యశ్రీ ఉందిగా?

చాలామంది అనే మాట ఇదే. నిజమే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అయితే ఇవి జాబితాలో ఉన్న చికిత్సలకు ఆస్పత్రి బిల్లు కడతాయి, అంతే. మంచంలో ఉన్న రోజులకు జీతం ఎవరిస్తారు? ఈఎస్ఐ అసలు విలువ అక్కడుంది.

లెక్క చూద్దాం. 21 వేల జీతానికి కార్మికుడి వాటా 0.75 శాతం. అంటే నెలకు 158 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, సుమారు 683 రూపాయలు. దీనికి బదులుగా వచ్చేదేంటి? ఉద్యోగంలో చేరిన రోజు నుంచే కార్మికుడికి, కుటుంబానికి వైద్యం. జబ్బు చేసి సెలవు పెడితే రోజు కూలీలో 70 శాతం, అంటే రోజుకు 490 రూపాయల చొప్పున ఏడాదిలో 91 రోజుల దాకా. దీనికి మాత్రం ఆరు నెలల వంతులో కనీసం 78 రోజుల చందా కట్టి ఉండాలి.

డ్యూటీలో ప్రమాదం జరిగితే లెక్క వేరు. అక్కడ 78 రోజుల నిబంధన లేదు. మొదటి రోజే కాలు విరిగినా వర్తిస్తుంది. పనికి వెళ్లలేని కాలమంతా కూలీలో 90 శాతం, అంటే రోజుకు 630 రూపాయలు. ప్రాణమే పోతే అదే 90 శాతం భార్యకు, పిల్లలకు, ఇతర ఆధారితులకు నెలనెలా పంచి ఇస్తారు. నెలకు దగ్గర దగ్గర 18,900. అంత్యక్రియలకు 15 వేలు అదనం.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్తూనో, డ్యూటీ నుంచి వస్తూనో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం తేలితే, డ్యూటీ ప్రమాదంగానే చూస్తారు. 2010లో చట్టం సవరించి మరీ ఇది చేర్చారు. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరే స్వీపర్లకు ఇంతకంటే ముఖ్యమైన క్లాజు ఇంకొకటి లేదు. రోడ్డు ఊడ్చే వాళ్లను వాహనాలు ఢీకొట్టిన వార్తలు మనం చూస్తూనే ఉన్నాం. మెరిసే జాకెట్ వేసుకోవడం, వాహనాలకు వీపు పెట్టకుండా ఎదురుగా తిరిగి ఊడ్వడం లాంటివి మేస్త్రీలు చెప్పే మాటలే. కానీ సగం చోట్ల జాకెట్లు వెలిసిపోయి లైటు పడినా మెరవవు. పాతది ఇచ్చేసి కొత్తది అడగండి. అది దయ కాదు, హక్కు.

గీత దాటిన వెంటనే పోదు

ఇక్కడ కాస్త ఊరట ఉంది. ఈఎస్ఐ చందా కాలాలు రెండు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. మే నెలలో జీతం 21 వేలు దాటినా సెప్టెంబర్ ఆఖరు దాకా కవరేజీ కొనసాగుతుంది. చందా కూడా పెరిగిన జీతం మీదే కోస్తారు. ఓవర్‌టైమ్ డబ్బుల వల్ల గీత దాటినట్టు లెక్కేయరు. "ఓటీ చేశావు కాబట్టి ఈఎస్ఐ తీసేశాం" అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పూర్తిగా బయటికి వచ్చాక కూడా చేతులు ఖాళీ కావు. డ్యూటీ ప్రమాదాలకు ఉద్యోగుల పరిహార నిబంధనలు ఉన్నాయి. 2020 నుంచి ఆ లెక్కకు నెల వేతనాన్ని గరిష్ఠంగా 15 వేలుగా తీసుకుంటున్నారు. 35 ఏళ్ల కార్మికుడు చనిపోతే ఆ ఫార్ములా ప్రకారం సుమారు 14.78 లక్షలు వస్తాయి. ఒకేసారి వచ్చే డబ్బు. కానీ యజమాని కాదంటే కార్మిక శాఖ చుట్టూ తిరగాలి, వాయిదాలు, వకీలు. నెలనెలా బ్యాంకులో పడే 18,900కీ దీనికీ పోలికే లేదు. పోనీ జబ్బు చేస్తే? దీంట్లో పైసా రాదు, వృత్తి వల్ల వచ్చిన రోగమని తేలితే తప్ప.

రెగ్యులర్ ఉద్యోగులకు హెల్త్ కార్డులున్నాయి, ఈ బాధ లేదు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు అది లేదు. అందుకే జీతం పెంచే జీవోతో పాటు వైద్యం సంగతీ తేల్చాలి. పరిమితి పెంచడం కేంద్రం చేతిలో పని. అప్పటిదాకా రాష్ట్రాలు తమ హెల్త్ స్కీమ్‌లోకి వీళ్లను తీసుకోవడం కష్టమేమీ కాదు.

ఫోన్ తీసి ఇప్పుడే చూసుకోండి

జీతంలో కోత పడిందంటే చందా కట్టినట్టే అనుకోవద్దు. ఏపీలో 2020లో ఆప్కాస్ వచ్చాక మధ్యలో ఏజెన్సీల బెడద చాలా చోట్ల తగ్గింది కానీ, ఏజెన్సీ ద్వారా పనిచేసే వాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఉన్నారు. పీఎఫ్‌కైతే రిజిస్టర్ అయిన మొబైల్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా కట్టిన సొమ్ము, బ్యాలెన్స్ మెసేజ్‌గా వస్తాయి. యూఏఎన్‌కు ఆధార్, బ్యాంకు వివరాలు కలిపి ఉండాలి. నామినీ పేరు తప్పకుండా ఎక్కించాలి. ఎందుకంటే పీఎఫ్ సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే వచ్చే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షలు. నామినీ లేక ఆ డబ్బు కోసం కుటుంబాలు నెలల తరబడి తిరుగుతుంటాయి. ఈఎస్ఐలో కుటుంబ సభ్యుల పేర్లు, ఫొటోలు ఎక్కాయో లేదో కూడా చూసుకోవాలి. హైదరాబాద్ సనత్‌నగర్ ఆస్పత్రికో, విజయవాడ గుణదల ఆస్పత్రికో వెళ్లాక కౌంటర్ దగ్గర "అమ్మగారి పేరు లేదే" అంటే ఆ టైంలో చేసేదేం ఉండదు.

డ్యూటీలో దెబ్బ తగిలితే అదే రోజు మేస్త్రీకి, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. యాక్సిడెంట్ రిపోర్టు ఈఎస్ఐకి పంపాల్సింది యజమానే, దాన్ని ఫారం 12 అంటారు. "చిన్న దెబ్బేగా, పసుపు రాసుకో" అన్న మాటకు తలూపితే, నెల తర్వాత అదే దెబ్బ ముదిరినప్పుడు రుజువు ఉండదు.

కొత్త లేబర్ కోడ్‌లు ఏం మార్చాయి?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కార్మికుడికి నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని, ఇక్కడైతే మున్సిపాలిటీ, కట్టాలి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. వేతనం అనే మాటకు అర్థం కూడా మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలో కలుపుతారు. జీతం స్లిప్పులో ఏ డబ్బు ఏ పేరుతో ఉందన్నది ఇకపై ఈఎస్ఐ, పీఎఫ్ రెండింటికీ ముఖ్యమే.

అసలు ట్విస్ట్ ఇంకోటి. సంస్థ ప్రధాన పనికి కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని కొత్త కోడ్ చెబుతోంది. ఊడ్చడం, చెత్త ఎత్తడం ప్రధాన పని కాదని కూడా అదే కోడ్ అంటోంది, కానీ ఒక షరతు మీద. ఆ సంస్థ ఏర్పడిందే ఆ పనికి అయితే ఈ మినహాయింపు వర్తించదు. మరి మున్సిపాలిటీ ఉన్నది దేనికి? రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పారిశుధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ పట్టణ సంస్థల పనుల్లోనే ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఊడ్పు పక్క పని. మున్సిపాలిటీకి అదే అసలు పని. అయితే మామూలుగా కాంట్రాక్టర్ ద్వారా జరిగే పని అయితే పర్వాలేదన్న ఇంకో సందు కూడా కోడ్‌లో పెట్టారు. ఈ రెండు వాక్యాల మధ్య పేచీ కోర్టుల్లో తేలాల్సిందే.

ఏ రిజిస్టర్‌లోనూ లేనోళ్లు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా మస్టర్‌లో పేరున్న వాళ్ల గురించి. మ్యాన్‌హోల్‌లోకి దిగేది చాలాసార్లు వీళ్లు కాదు. కాంట్రాక్టర్ అడ్డా మీద నుంచి ఆ పూటకు తెచ్చిన కూలీ. ఈఎస్ఐ నంబర్ ఉండదు, పీఎఫ్ ఉండదు.

2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తప్పనిసరై దింపాల్సి వస్తే రాతపూర్వక అనుమతి, పైన సూపర్‌వైజర్ సహా కనీసం ముగ్గురు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు హైదరాబాద్ సహా ఆరు మెట్రో నగరాల్లో మనుషులతో ఈ పని చేయించడాన్ని నిలిపేయాలని ఆదేశించింది. చిత్రమేంటంటే, హైదరాబాద్ జలమండలి 2017లోనే ఇరుకు గల్లీల్లో తిరిగే 70 మినీ జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. మిషన్ లేక కాదు, మిషన్ వచ్చేదాకా ఆగే ఓపిక లేక మనుషులు దిగుతున్నారు.

లోపల చంపేది హైడ్రోజన్ సల్ఫైడ్. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనే పట్టలేదు. వాసన పోయింది కదా అని దిగితే రెండు మూడు శ్వాసల్లో కుప్పకూలతారు. అతన్ని లాగుదామని దిగిన రెండో మనిషిదీ అదే గతి. 2015 నవంబర్‌లో కేరళలోని కోజికోడ్‌లో ఆంధ్రా నుంచి వెళ్లిన ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌లో పడిపోయారు. వాళ్లను కాపాడబోయి అటుగా వచ్చిన ఆటో డ్రైవర్ కూడా చనిపోయాడు. పైనున్న వాళ్లు చేయగలిగింది తాడుతో లాగడం, ఫైర్ సిబ్బందిని పిలవడమే. అందుకే దిగకముందే నడుముకు బెల్టు, తాడు ఉండాలి. గుడ్డ మాస్క్ గ్యాస్‌ను ఆపదు.

ప్రాణం పోతే పరిహారం 30 లక్షలు. 2014లో 10 లక్షలుగా ఉన్న మొత్తాన్ని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు పెంచింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు, ఇతర వైకల్యాలకు కనీసం 10 లక్షలు. కాంట్రాక్టర్ మనిషా, మున్సిపాలిటీ మనిషా అన్న తేడా లేదు. పేచీ అంతా ఎఫ్ఐఆర్ దగ్గరే మొదలవుతుంది. "కాలు జారి పడ్డాడు" అని రాస్తే అది మామూలు ప్రమాదం అయిపోతుంది. శుభ్రం చేయడానికి దింపారని, ఎవరు దింపారని, 2013 చట్టం పేరుతో సహా ఫిర్యాదులో ఉండేలా కుటుంబం పట్టుబట్టాలి. తోటి కూలీ సాక్ష్యం, పనికి పిలిచిన ఫోన్ కాల్ రికార్డు, డబ్బులిచ్చిన యూపీఐ మెసేజ్ లాంటివి చెరిపేయకుండా దాచుకోవాలి. మస్టర్‌లో పేరు లేని మనిషి పనిలోనే ఉన్నాడని చూపించేవి అవే.